ఏ గొడవా లేని తారీఖు

కళ్ళజోళ్ళ దుకాణం,
జనవరి 28

ఒసే పుస్తకాల పురుగూ,

ఫోను చేస్తే నువ్వు "ఊఁ" తప్ప ఇంకో మాట అనవు. నీ ఊఁలకు నేను బిల్లు కట్టలేను. అందుకని ఉత్తరం. ఉత్తరంలో అయితే నీకు నోరు బాగానే లేస్తుంది.

కూర్చుని చదువు. పెళ్ళి ఆలోచన ఒకటి నడుస్తోంది. నీకు కాదు, కంగారు పడకు. నాకు.

పెళ్ళికొడుకు నీకు తెలిసినవాడే. లిఫ్టులు బాగుచేసే ఆయన. మనం 'సున్నా పవరు' అని పేరు పెట్టుకున్నామే, ఆయన. కళ్ళు నిక్షేపంలా ఉన్నా నెలనెలా వచ్చి పరీక్ష చేయించుకుని పోయేవాడు. మొన్న నేను దీపం వెయ్యకముందే బోర్డు మీద కింది వరస గడగడా చదివేశాడు. "చీకట్లో ఎలా కనబడిందండీ?" అన్నాను. "నేను బోర్డు చూడ్డానికి ఎప్పుడొచ్చాను మేడమ్?" అన్నాడు. నలభై ఏడేళ్ళ వయసులో నాకు చెవులు ఎర్రబడ్డాయి. నవ్వకు.

ఒక తొందర ఉంది. ఆయన ఉండే కంపెనీ వసతిగృహం పడగొట్టేస్తున్నారు. ఈ ఊళ్ళోనే ఉంటాడో, రేవు పట్నం శాఖకు వెళ్ళిపోతాడో మే పదో తారీఖులోగా చెప్పమన్నారట. వెళ్తే ఇక అక్కడే. ఉండాలంటే ఇల్లు కావాలి. ఇల్లంటే మన ఇల్లే.

హంగామా ఏమీ ఉండదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, అంతే. సాక్షి సంతకం నీది. నువ్వు రాకుండా చేసుకోనని ఆయనకి చెప్పేశాను. పేపర్లో రోజూ 'చరిత్రలో ఈ రోజు' రాసేదానివి నువ్వే కదా, ఏ గొడవా లేని తారీఖు ఒకటి చూసి చెప్పు. నాకు మార్చి పది బాగుందనిపిస్తోంది.

ఆయన సామాను ఎక్కువేం లేదు. పనిముట్ల పెట్టె, మడత మంచం, కాసిని కప్పీలూ తాళ్ళూ. ఎక్కడ పెట్టాలో చూడాలి. నీ గది ఖాళీగానే… సరే, అది తర్వాత మాట్లాడదాం.

పిన్ని


పత్రికాఫీసు, మూడో అంతస్తు,
ఫిబ్రవరి 4

పిన్నీ,

చాలా సంతోషం. ఈ మాట రెండుసార్లు రాసి కొట్టేశాను. మూడోసారికి దస్తూరి కుదిరింది.

సున్నా గారికి నా నమస్కారాలు. దీపం లేకుండా చదివినందుకు అభినందనలు కూడా.

నా ఉద్యోగం గురించి నువ్వు గొప్పగా అనుకుంటున్నావు. నేను చేసేది ఇంతే: పాత సంపుటాలు తిరగేసి ఒక్కో తేదీకి ఓ పది సంగతులు ఏరుతాను. మా ఉపసంపాదకుడు వాటిలోంచి నాలుగు ఉంచి మిగతావి కొట్టేస్తాడు. ఆఫీసులో ఆయన్ని కత్తెర గారు అంటారు. ఆయనకు చావులు గిట్టవు. "పొద్దున్నే కాఫీ తాగేవాడికి శవాలు వడ్డిస్తావా అమ్మాయ్?" అంటాడు. నేను తల వంచుకుంటాను. దాంతో ఒప్పుకున్నట్టే లెక్క.

మార్చి పది చూశాను. వద్దు పిన్నీ. 1906లో ఆ రోజు ఫ్రాన్సులో ఒక బొగ్గుగని పేలి వెయ్యిమందికి పైగా పోయారు. అలాంటి రోజున నువ్వు కొత్త చీర కట్టుకుని సంతకం పెడుతుంటే నాకు చెయ్యి ఆడదు.

ఇంకో తేదీ చూద్దాం. తొందరేముంది?

నీ
పురుగు

తా.క. నా గదిలో రాసుకునే బల్ల కిటికీ పక్కనే ఉందా? ఊరికే అడుగుతున్నాను.


కళ్ళజోళ్ళ దుకాణం,
ఫిబ్రవరి 11

పురుగూ,

తొందరేముందని అడుగుతున్నావు. నాకు నలభై ఏడు. నీ చరిత్ర పుస్తకాల లెక్కలో నేను నిన్న పుట్టి ఉండొచ్చు గానీ, మోకాళ్ళు ఆ మాట ఒప్పుకోవడం లేదు.

గని సంగతి సున్నా గారికి చెప్పాను. పాపం, చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. తర్వాత అన్నాడు, "నిజమే మేడమ్, మరి ఏ తారీఖున ఎవరూ పోలేదో కనుక్కోండి." పెళ్ళి కుదిరినా ఇంకా మేడమే. మానమంటే, "అలవాటైన మీట నొక్కితేనే లిఫ్టు కదులుతుంది" అంటాడు. ఆయన మాటలన్నీ ఇంతే, ఎటు తిరిగినా లిఫ్టు దగ్గరే ఆగుతాయి.

సరే, మార్చి పది వదిలేశాం. ఫిబ్రవరి ముప్పై ఎలా ఉంటుంది? ఆ రోజు ఎవరూ చచ్చి ఉండరు.

పరాచికాలకేం గానీ, ఏప్రిల్ పన్నెండు చూడు. ఆ వారం నా దగ్గర అద్దాలు చేయించుకునే బడి పిల్లలకి పరీక్షలు. దుకాణం ఎలాగూ ఖాళీ.

బల్ల కిటికీ పక్కనే ఉంది. దానికి కాళ్ళు రాలేదు.

అక్కడ ఎవరితోనైనా మాట్లాడుతున్నావా? తల వంచుకోవడం మాటల కింద రాదు.

పిన్ని


పత్రికాఫీసు, మూడో అంతస్తు,
ఫిబ్రవరి 19

పిన్నీ,

ఫిబ్రవరి ముప్పై కూడా ఒకసారి వచ్చింది. నిజం. స్వీడన్ వాళ్ళు కేలండరు సరిచేసుకోబోయి చిక్కులో పడి, 1712లో ఫిబ్రవరికి ముప్పై రోజులు పెట్టారు. ఆ రోజున ఎవరో ఒకరు పోయే ఉంటారు. నువ్వు వెటకారంగా అన్న తేదీని కూడా వెతికే మనిషిని నేను. ఇక నా సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో నువ్వే ఊహించుకో.

ఏప్రిల్ పన్నెండు అసలు కుదరదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది ఆ రోజే. ఒక్క ఇంట్లో వాళ్ళే రెండు పక్షాలై నాలుగేళ్ళు కొట్టుకున్నారు. పెళ్ళికి ఇంతకంటే చెడ్డ సూచన ఉంటుందా?

మాట్లాడుతున్నాను. నిన్న మెట్ల మీద ఒకావిడ "టైమెంత?" అంటే చెప్పాను.

మెట్ల మీద అని ఎందుకు రాశానంటే, నేను లిఫ్టు ఎక్కను. మూడంతస్తులూ నడిచే వస్తాను. అంత చిన్న పెట్టెలో తెలియనివాళ్ళతో నిలబడి ఏం మాట్లాడాలో నాకు తోచదు. ఈ సంగతి సున్నా గారికి చెప్పకు. నొచ్చుకుంటారు.

నీ
పురుగు

తా.క. కిటికీకి ఆ పాత నీలం తెరే ఉందా? మార్చాల్సిన అవసరం లేదనుకుంటాను.


కళ్ళజోళ్ళ దుకాణం,
మార్చి 11

పురుగూ,

నీ పేపరు మా ఊరికి ఒక రోజు ఆలస్యంగా వస్తుంది. వచ్చాక చదివి, అద్దాలు అరగదీసే చక్రం కింద పరుస్తాను. నీ నాలుగు సంగతులు పైకి కనబడేట్టే పరుస్తాను. గాజు బురద పడ్డా తుడిచి ఇంకోసారి చదువుతాను.

ఇవాళ నిన్నటి పేపరు వచ్చింది. మార్చి పది. "1876లో ఈ రోజున టెలిఫోనులో మొదటిసారి మనిషి మాట వినబడింది" అని రాశావు. పక్కగదిలో ఉన్న సహాయకుడితో దాన్ని కనిపెట్టినాయన అన్న ఆ మొదటి మాట కూడా రాశావు. "ఇలా రా, నిన్ను చూడాలి."

సున్నా గారికి చదివి వినిపించాను. "ఇన్నాళ్ళూ బోర్డు పేరు చెప్పి నేనన్నదీ అదే కదా మేడమ్" అన్నాడు.

మంచి రోజే కదే? ఇంకో మాట అనను. గనిలో పోయినవాళ్ళు పోయినట్టే, టెలిఫోను వచ్చింది వచ్చినట్టే. నాకు మాత్రం ఒకటే చెప్పావు. ఊరికే అంటున్నాను, నీ భాషలో.

లిఫ్టు సంగతి చెప్పొద్దన్నావు కాబట్టి వెంటనే చెప్పాను. నొచ్చుకోలేదు. నీకు ఓ కబురు పంపాడు. "లిఫ్టులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదమ్మా. అందరూ తలుపు మీద అంకెలే చూస్తారు. సిగ్గరులకి ఇంతకంటే మంచి బండి లేదు."

ఏప్రిల్ పన్నెండు కూడా నీ మాట మీదే మానుకున్నాం. రేవు పట్నం నుంచి ఆయనకి రెండో ఉత్తరం వచ్చింది. జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. నాకు చూపించలేదు. చొక్కా ఉతకడానికి తీస్తే నేనే చూశాను.

పిన్ని


పత్రికాఫీసు, మూడో అంతస్తు,
మార్చి 20

పిన్నీ,

టెలిఫోను సంగతికి సంజాయిషీ. ముందే రాశాను కదా, కత్తెర గారు చావులన్నీ కొట్టేస్తారు. అవి నా బల్ల మీద మిగిలిపోతాయి. పారెయ్యడానికి మనసొప్పదు. అంతమంది పోయారు, ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. నాకు ఉత్తరాలు రాయడానికి ఉన్నది నువ్వొక్కదానివే. అందుకని మిగిలినవి నీకు వస్తున్నాయి. అంతకంటే ఏమీ లేదు.

రేవు పట్నం మంచి చోటేనని విన్నాను. ఎత్తైన భవనాలు ఎక్కువట. లిఫ్టులు పాడవుతూనే ఉంటాయట.

ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కాగితం అయిపోవస్తోంది కాబట్టి ఉంచేస్తున్నాను.

మధ్యాహ్నాలు నా బల్ల దగ్గరే తింటాను. ఒక చేత్తో పుస్తకం పట్టుకుంటే ఎవరూ పలకరించరు. స్కూల్లో సిస్టర్లు భోజనాల దగ్గర మాట్లాడనిచ్చేవారు కాదు. ఇక్కడ అందరూ మాట్లాడొచ్చు. ఆ రూలు లేకపోవడం నాకే ఇబ్బందిగా ఉంది.

నీ
పురుగు

తా.క. పై అరలో పుస్తకాలు నాకెప్పుడూ అందేవి కావు. నిన్ను కేకేసేదాన్ని. నువ్వు చక్రం ఆపి, చేతులు తుడుచుకుని, విసుక్కుంటూ వచ్చి దించేదానివి. వాటిని కట్టలు కట్టి పెట్టెలో పెట్టేశావా? పెట్టినా ఫరవాలేదు. తెలిస్తే చాలు.


కళ్ళజోళ్ళ దుకాణం,
ఏప్రిల్ 13

ఒసే దొంగా,

పేపరు వచ్చింది. ఏప్రిల్ పన్నెండు. మొట్టమొదటి మనిషి అంతరిక్షంలోకి వెళ్ళి, భూమి చుట్టూ ఒక చుట్టు తిరిగి, రెండు గంటలైనా కాకముందే తిరిగొచ్చాడట. 1961లో. ఊరంతా కాఫీ తాగుతూ ఆ మాట చదివి సంతోషించింది. నాకు మాత్రం నాలుగేళ్ళ యుద్ధం పంపావు.

కత్తెర గారు చావులు కొట్టేస్తాడు, సరే. నా దగ్గరికొచ్చేసరికి మిగతావన్నీ కొట్టేసిందెవరు?

నా పని అద్దాలు అరగదీయడం. ఎవరికి దగ్గరది కనబడదో, ఎవరికి దూరానిది కనబడదో, వాళ్ళు కుర్చీలో కూర్చునే తీరులోనే నాకు తెలిసిపోతుంది. మరి నీ ఉత్తరాలు చదవడానికి ఇన్నాళ్ళు పట్టిందేమిటో! నువ్వు రాసినవన్నీ ఇవాళ వరసగా పరుచుకుని చూశాను. పైన చరిత్ర, అడుగున తా.క. బల్ల జరిపావా, తెర మార్చావా, పుస్తకాలు కట్టలు కట్టావా. చరిత్ర నా కోసం రాశావు. తా.క. నీ కోసం రాసుకున్నావు.

విను. మీ అమ్మ చనిపోయిన ఏడాది సిస్టర్ల బడి నుంచి ట్రంకుపెట్టెతో నువ్వు దిగినప్పుడు, ఆ గది నీదని చెప్పాను. ఎన్నాళ్ళని చెప్పానా? చెప్పలేదు. ఎన్నాళ్ళని చెప్పకపోతే ఎప్పటికీ అని అర్థం. ఇంత చదివావు, ఇది తెలియదూ?

సున్నా గారి పెట్టె వంటింటి బయట పెట్టాం. మడత మంచం అమ్మేశాడు. కప్పీలూ తాళ్ళూ మాత్రం నీ గదిలోకే వెళ్ళాయి. కంగారు పడకు, పూర్తిగా చదువు.

నీ తా.క. ఆయనకి చదివి వినిపించాను. వెంటనే లేచి, టేపు పట్టుకుని నీ గది కొలిచాడు. రెండు ఆదివారాలు తలుపేసుకుని పని చేశాడు. ఇప్పుడు నీ పై అరకి రెండు కప్పీలు, ఒక తాడు, వెనక ఒక బరువు. తాడు లాగితే అర మొత్తం పుస్తకాలతో సహా మెల్లగా నీ ఎత్తుకి దిగుతుంది. వదిలితే పైకి పోతుంది. పుస్తకాలకి లిఫ్టు! మొదటిరోజు సగంలో ఆగిపోయింది. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి స్టూలెక్కి, "లోపల ఎవరూ ఇరుక్కోలేదు కదా మేడమ్" అన్నాడు. నవ్వలేక చచ్చాను.

ఇక నేను అడగాల్సింది అడుగుతాను. మే ఆరు అనుకుంటున్నాం. అదీ దాటితే రేవు పట్నమే. ఈసారి ఎవరు పోయారో నాకు రాయొద్దు. నీకు ఇష్టమేనా, కాదా, అది రాయి. ఇష్టం లేదంటే ఆయనకి నేనే చెప్పుకుంటాను. నీ మీద కోపం రాదు. ఆయన మీద బెంగ వస్తుంది, అంతే. ఈ వయసులో బెంగకి అద్దాలు దొరకవు.

పిన్ని


కళ్ళజోళ్ళ దుకాణం,
ఏప్రిల్ 18

నా తల్లీ,

ఇది నీ ఉత్తరానికి జవాబు కాదు. నువ్వు ఉత్తరం రాయలేదు కదా.

నిన్న మధ్యాహ్నం ఒక పెద్దాయన ముక్కు మీద ఫ్రేము సరిచేస్తుంటే ఫోను మోగింది. ఎవరో కళ్ళజోడు తయారైందా అని అడుగుతారనుకుని ఎత్తాను. అటు పక్క ఊపిరి మాత్రం వినబడింది. ఆ ఊపిరి నాకు తెలుసు.

"పిన్నీ, మే ఆరు," అన్నావు.

వెనక ఎవరో మగగొంతు, "అమ్మాయ్, నా బల్ల మీది ఫోనులో ఎవరితో?" అంది. కత్తెర గారే అయ్యుంటాడు. నువ్వు ఫోను మూయకుండానే, గట్టిగా, "మా పిన్నితో. పెళ్ళి," అన్నావు. ఆ గొంతు నీదేనా అని నేను రిసీవరు తీసి ఒకసారి చూసుకున్నాను.

తర్వాత నాతో, "ఇష్టమే. నేను వస్తాను. ఆయనకి చెప్పు," అన్నావు.

నాకు నీతో చెప్పాల్సినవి ఎన్ని ఉన్నాయని! జనవరి నుంచి కూడబెట్టుకున్నవి. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. ఏమన్నానో గుర్తుందా?

"ఊఁ" అన్నాను.

నువ్వు పెట్టేశావు. పెద్దాయన ముక్కు మీద వంకరగా ఉన్న ఫ్రేములోంచి నన్ను చూసి, "దుర్వార్తా అమ్మా?" అన్నాడు. కాదండీ అని ఆయనకి సగం ధరకే ఇచ్చేశాను. ఈ నష్టం నీ ఖాతాలో.

సున్నా గారు వచ్చాక చెప్పాను. జేబులోంచి రేవు పట్నం ఉత్తరం తీసి, నాలుగు మడతలు పెట్టి, ఎప్పుడూ ఊగే నా స్టూలు కాలి కింద దోపాడు. ఇప్పుడు ఊగడం లేదు.

ఇంకేం రాయను. నీ పేపర్లో నువ్వే రాశావు, టెలిఫోనులో మొదటి మాటగా. నిన్న నాకు రానిది అదే.

ఇలా రా. నిన్ను చూడాలి.

పిన్ని


పత్రికాఫీసు, మూడో అంతస్తు,
ఏప్రిల్ 25

పిన్నీ,

వద్దన్నా రాస్తున్నాను, ఈసారి అన్నీ రాస్తున్నాను.

మే ఆరు. 1840లో ఆ రోజున మొదటి తపాలా బిళ్ళ వాడుకలోకి వచ్చింది. అది లేకపోతే నీ తిట్లు నాకు అందేవి కావు. 1954లో ఒక యువకుడు మైలు దూరం నాలుగు నిమిషాల లోపు పరిగెత్తాడు. అంతకుముందు అది మనిషి వల్ల కాదన్నవాళ్ళు చాలామంది. ఇవి పేపర్లో వస్తాయి.

ఇంకోటి రాదు. 1937లో ఒక పెద్ద గాలి ఓడ దిగబోతూ మంటల్లో కాలిపోయింది. కత్తెర గారు కొట్టేశాడు. ఈసారి నేను తల వంచుకోలేదు. "అందులో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది బతికి బయటపడ్డారండీ, ఆ మాట ఎవరూ రాయరు," అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. (పవరు పెరిగినట్టుంది, నీ దగ్గరికి పంపిస్తాను.) "అయితే ఆ మాటే రాయి, చూద్దాం," అన్నాడు. ఉంచుతాడో లేదో తెలియదు. ఆ రోజు పేపరు మనకి ఒక రోజు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, ఏడో తేదీ ముగ్గురం చక్రం దగ్గర నిలబడి చూసుకుందాం.

ఇవాళ లిఫ్టులో వచ్చాను. సున్నా గారు చెప్పింది నిజమే, అందరూ అంకెలే చూశారు. ఒకావిడ మాత్రం నన్ను చూసి "ఎన్నో అంతస్తు?" అంది. చెప్పాను. మెట్ల మీద టైమడిగిన ఆవిడే. మధ్యాహ్నం మేమిద్దరం ఒకే బల్ల దగ్గర తిన్నాం. పుస్తకం తెరవలేదు.

ఆయనకి ఏమని ఉత్తరం రాయాలో తెలియక రాయలేదు. వచ్చాక చెప్తాను. చెప్పలేకపోతే నువ్వే అర్థం చేసుకుని చెప్పు.

ఐదో తేదీ సాయంత్రం బస్సుకి దిగుతాను.

నీ
పురుగు

తా.క. నేను వచ్చేలోపు పై అరలోంచి ఒక్క పుస్తకం కూడా దించి పెట్టొద్దు. నేనే దించుకుంటాను.